భీమిలి రోడ్డు మీద పెళ్లిచూపులు

పెళ్లిచూపుల్లో పరీక్ష ఎప్పుడూ అమ్మాయికే ఉండేది ఆ రోజుల్లో. పాట వచ్చా, వంట వచ్చా, కొంచెం అటూ ఇటూ నడువమ్మా అని (ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది) పెద్దవాళ్లు అడుగుతుంటే, అబ్బాయి కుర్చీలో కూర్చుని జంతికలు నములుతూ బుద్ధిమంతుడిలా కనిపిస్తే సరిపోయేది. ఆంధ్రదేశం మొత్తం మీద పెళ్లికొడుక్కి పరీక్ష పెట్టిన మామగారు ఒక్కరే ఉండి ఉంటారు. ఆయన నా వాటాకి వచ్చారు.

సంబంధం తెచ్చింది మా పెద్దమ్మ. విశాఖపట్నం దాటాక భీమిలి వెళ్లే దారిలో, సముద్రం పక్కన చిన్న పేట. అమ్మాయి తండ్రి మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. తెల్లారితే చాలు, సైకిలెక్కి సముద్రం వెంట భీమిలి దాకా వెళ్లిరానిదే ఆయనకు కాఫీ దిగదట. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నీ ఎందుకో తప్పిపోయాయని విని, ఈసారి తప్పకూడదని మా పెద్దమ్మ ఒక మాట వదిలి వచ్చింది. "మావాడికి సైకిలంటే ప్రాణం అన్నయ్యగారూ! సికింద్రాబాదు నుంచి బొల్లారం దాకా తొక్కనిదే వాడికి తెల్లవారదు." నిజానికి మేముండే పద్మారావు నగర్ నుంచి మోండా మార్కెట్‌కి వెళ్లి, అమ్మ చెప్పిన కూరగాయలు తెచ్చిపెట్టడమే నా సైకిలు యాత్రల్లో అతి పెద్దది. ఆఫీసుకు బస్సులో వెళ్లేవాణ్ణి.

కాదని చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో అమ్మాయి ఫోటో వచ్చింది. ఆ ఫోటోను కీర్తనల పుస్తకంలో పెట్టుకుని, చర్చిలో ఏ కీర్తన చెప్పినా నేను ఆ పేజీయే తీసేవాణ్ణి. అమ్మ రెండు వారాలు చూసీ చూడనట్టు ఊరుకుని, మూడో వారం "ఇక బయల్దేరుదాం" అంది. ప్రయాణానికి ముందు సాధన చేద్దామని అద్దె సైకిలు తీసుకుని బొల్లారం వైపు బయల్దేరాను. సగం దారిలో దిగి, సైకిల్ని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వస్తుంటే మా ఆఫీసు మిత్రుడు ఎదురయ్యాడు. సంగతి విని రోడ్డు మీదే పగలబడి నవ్వాడు. "అరే భై, పిల్లను సూడనీకి పోతున్నవా, పోలీసుల భర్తీ కానీకి పోతున్నవా? గీడనే గిట్ల పరేషాన్ అయితున్నవ్, ఆడ ఏందీ నీ సంగతి? జెర పైలం!" నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

మేము వెళ్లేసరికి డ్రిల్లు మాస్టారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. వందనాలు చెప్పి, నా మొహం వైపు కాక కాళ్ల వైపు చూశారు. మర్నాడు పొద్దున్నే వరండాలో మూడు సైకిళ్లు తుడిచి, గాలి కొట్టి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి ఆయనది, ఒకటి పక్కింటివాళ్లది (నాకు), మూడోది లేడీస్ సైకిలు. అమ్మాయి కూడా వస్తుందని నాకెవరూ చెప్పలేదు! ఇక దారిలో దిగి తోసుకుంటూ రావడానికి కూడా వీల్లేదు. ప్రయాణం క్షేమంగా సాగాలని మాస్టారు నిదానంగా, సుదీర్ఘంగా ప్రార్థన చేశారు. నేను పుట్టి బుద్ధెరిగాక అంత మనస్ఫూర్తిగా ఆమెన్ అనడం అదే మొదలు.

వెళ్లేటప్పుడు బాగానే ఉంది. ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం. మాస్టారు నిటారుగా కూర్చుని పాట పాడుకుంటూ ముందు, ఏ ఆయాసమూ లేకుండా అమ్మాయి మధ్యలో, సముద్రాన్ని చూసే తీరిక లేకుండా నేను వెనక. ఎత్తు వచ్చినచోట పళ్లు బిగపట్టి తొక్కాను. చెమట కళ్లలోకి దిగుతోంది, గుండె చెవుల్లో మోగుతోంది. ఆయన వెనక్కి తిరిగి "ఎలా ఉందబ్బాయ్?" అని అరిచినప్పుడల్లా "అద్భుతమండీ!" అని అరవడానికి ఉన్న ఊపిరి కాస్తా ఖర్చయిపోయేది. ఈ అమ్మాయి ముందు దిగిపోతే బతుకంతా దిగులే అనుకుంటూ ఎత్తు ఎక్కేశాను.

అసలు గండం దిగేటప్పుడు వచ్చింది. పల్లం చివర జాలరిపేట, రోడ్డు అంచు దాకా ఎండబెట్టిన నెత్తళ్లు. బ్రేకు నొక్కాను. సైకిలు వినలేదు. గట్టిగా నొక్కాను. బ్రేకు తీగ తెగి చేతికొచ్చింది. ఎదురుగా మేక. మేకను తప్పించాను గానీ నెత్తళ్లను తప్పించలేకపోయాను. లేచి చూసుకుంటే తెల్లచొక్కా నిండా, జేబుల్లో, ఆఖరికి జుట్టులో కూడా చేపలే.

"ఓలమ్మో, నా సేపలు! కళ్లు నెత్తికెక్కినాయేటి బాబూ?" అంటూ ఒకావిడ చీపురుతో పరుగెత్తుకొచ్చింది. మాస్టారు అడ్డుపడి, "తిట్టకమ్మా, మా అమ్మాయిని చూసుకోడానికి వచ్చాడు, పెళ్లికొడుకు" అన్నారు. ఆవిడ చీపురు దించి, నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, "ఈ బాబా?" అంది. ఆ రెండు ముక్కలూ తిట్టు కంటే గట్టిగా తగిలాయి.

మాస్టారు వంకర పోయిన హ్యాండిలు, తెగిన బ్రేకు సరిచేయించుకు వస్తానని సైకిలుతో పేటలోకి వెళ్లారు. పడవ నీడలో నేనూ అమ్మాయీ మిగిలాం. ఆమె నా భుజం మీది చేపను వేలితో తీసేసి, సముద్రం వైపు చూస్తూ అడిగింది. "మీకు నిజంగానే సైకిలంటే అంత ఇష్టమా?"

"ప్రాణమండీ" అన్నాను, పెద్దమ్మ నేర్పినట్టే.

ఆమె మొహం వాడిపోయింది. "వచ్చినవాళ్లందరూ ఇదే చెప్పారు. అందుకే అందరినీ వద్దన్నాను. అమ్మ పోయిన దగ్గర్నుంచి నాన్నకు తోడుగా రోజూ తొక్కుతున్నానండీ. వానైనా, ఎండైనా. మోకాళ్లు పోతున్నాయి. పెళ్లయ్యాక కూడా తొక్కాలంటే నా వల్ల కాదు." ఆ వెంటనే ఎంతో ఆశగా అడిగింది. "సికింద్రాబాదులో బస్సులు బాగా తిరుగుతాయటగా?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మా ఇంటి ముందే ఆగుతాయండీ. నేను ఆఫీసుకు వెళ్లేది బస్సులోనే" అన్నాను. ఆమె మొదటిసారి నా వైపు నేరుగా చూసింది. "ఆ మాట నాన్నతో చెప్పగలరా? ఆయన మనసు నొచ్చుకోకుండా చెప్పాలి. ఇన్నేళ్లలో నాకు చేతకాలేదు."

తిరుగుదారిలో సముద్రపు గాలి ఎదురు కొట్టింది. గాలి కంటే ఆ మాటే బరువుగా ఉంది. చెప్తే తండ్రి కాదంటాడు, చెప్పకపోతే కూతురు కాదంటుంది. ఇల్లు చేరేదాకా వాక్యాలు కట్టుకుంటూ, చెరిపేసుకుంటూ తొక్కాను.

భోజనాల దగ్గర రానే వచ్చింది ప్రశ్న. "ఏం బాబూ, మా రూటు ఎలా ఉంది?" పెద్దమ్మ దగ్గింది. అమ్మ నా కాలు తొక్కింది. వంటింటి గుమ్మంలో ఒక చీర కుచ్చిళ్లు కదలకుండా నిలబడ్డాయి. కట్టుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి.

"దారి చాలా బాగుందండీ మాస్టారూ. మీరు తొక్కుతుంటే వెనక నుంచి చూడటం ఇంకా బాగుంది. నాకు మాత్రం చేతకాదండీ. నేను బస్సు మనిషిని. నన్ను చేసుకుంటే మీ అమ్మాయి కూడా బస్సులోనే తిరగాల్సి వస్తుంది."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది. మాస్టారు కంచంలోంచి చెయ్యి తీసి, గుమ్మం వైపు చూశారు. "నీక్కూడా బస్సే బాగుంటుందా తల్లీ?"

 గుమ్మంలో తల ఊగింది, చాలా మెల్లగా.

ఆయన లేచి వరండాలోకి వెళ్లిపోయారు. "మునిగింది" అని పెద్దమ్మ గొణిగింది. బయట ఏదో ఇనుము చప్పుడు, తర్వాత అదీ లేదు. నాకు ఆ కంచం ముందు కూర్చోవడం కంటే ఆ ఎత్తు మళ్లీ ఎక్కడమే సుఖమనిపించింది. ఎంతసేపటికో ఆయన చేతులకు గ్రీజుతో తిరిగొచ్చారు. "అమ్మాయి సైకిలు చైను వదులైంది. బిగిద్దామని కూర్చున్నాను. ఇక ఎవరి కోసంలే అనిపించింది" అన్నారు. చెయ్యి కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాక "అబ్బాయికి చేపల పులుసు వడ్డించు తల్లీ, చేపల మీద ఆయనకు బాగా పట్టుంది" అన్నారు. అందరం నవ్వాం. ఆయన కళ్లు మాత్రం వరండా వైపే ఉన్నాయి.

అందుకేనేమో, పెళ్లయ్యాక ప్రతి వేసవిలోనూ ఆ ఊరు వెళ్లినప్పుడు, ఎవరూ అడక్కుండానే నేను ఆ లేడీస్ సైకిలెక్కి ఆయన వెనక బయల్దేరేవాణ్ణి. నేను ఎంత వెనకబడినా ఆయన ఒక్క మాట అనలేదు. ఎత్తు దగ్గర సైకిలు ఆపి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఆగబ్బాయ్, సముద్రం చూద్దాం" అనేవారు. మామగారికి వయసైపోతోంది, పాపం ఆయాసం దాచుకుంటున్నారు అని జాలిపడేవాణ్ణి నేను, రొప్పుతూ. ఎవరి కోసం ఆగేవారో తెలుసుకోవడానికి నాకు ఆయన వయసు రావాల్సి వచ్చింది. ఇప్పుడు సాయంత్రం నడకకు వెళ్తే మోకాళ్ల నొప్పితో మా ఆవిడ నాలుగడుగులు వెనకబడుతుంది. పద్మారావు నగర్‌లో సముద్రం లేదు కదా, అందుకని నేను ఆగి షాపుల బోర్డులు చదువుతుంటాను.