తొమ్మిదో ఇంటి పొక్క

తడిసిన పాత సున్నం వాసన ఎట్లా ఉంటుందో ఇప్పటివాళ్లకు చెప్పడం కష్టం. కొత్త కుండలో నీళ్ల వాసనకు కాస్త బెల్లం తగిలినట్టుంటుంది. మొన్న బోధన్ దారిలో బస్సు ఆగినప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలి, పని లేకపోయినా దిగిపోయాను. చెరుకు కూలీల కోసం ఎప్పుడో కట్టిన పన్నెండిళ్ల వరుసను యంత్రంతో కూలగొడుతున్నారు. ముందురోజు వానకు మొదటి ఇంటి గోడ పెళ్లలు తడిసి ఉన్నాయి. ఆ వరుసకు ప్లాను గీసింది నేనే. అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. గుర్తొచ్చింది మాత్రం ప్లాను కాదు, పోశవ్వ.

పోశవ్వది రెంజల్ ఊరు. సున్నం పని చేసే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. సున్నం కలపడం, గోడలు మెత్తడం, గచ్చు కొట్టి నున్నటి రాయితో మెరుగు పెట్టడం, గోడల్లో గూళ్లు తీయడం, ఇట్లా ఇంటి లోపలి పని అంతా ఆమె చేతిలోనే ఉండేది. అవి అరవైల మొదటి ఏళ్లు. నేను డిప్లొమా పట్టుకుని నిజామాబాదులో ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరాను. ఇల్లంటే కొలతలేనని, లోపలి పనివాళ్లు నా గీత వెనక నడవాల్సినవాళ్లని గట్టిగా నమ్మే వయసు. చదువుకున్న పొగరు కూడా తక్కువేమీ కాదు.

పని మొదలైన రోజు నేల మీద ముగ్గు పోయించి గదుల గీతలు చూపించాను. పోశవ్వ ఆ గీతలు దాటకుండా, గుమ్మం రావలసిన చోటు నుంచే లోపలికి వచ్చింది. వంటగది మూలన మడమల మీద కూర్చుని, కట్టెలు ఊదినట్టు ఒకసారి ఊది తలెత్తింది.

"సారూ, గీడ గాలి ఎటుకెల్లి వస్తది?"

"పడమటి నుంచి."

"మరి పొయ్యిని పడమట పెడితివి. పొగంత పండుకునే అర్రలకే పోతది. నువ్వు ఇంటిని బయటికెల్లి చూసినవు. లోపట కూసున్నోళ్లకు గిట్ల కనబడది."

కూలీలందరి ముందూ ఆ మాట అనడంతో నాకు ఒళ్లు మండింది. మర్నాడు అందరికంటే ముందొచ్చి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని ఆ మూలన కూర్చున్నాను. గాలి నా వీపును తాకి నేరుగా లోపలి గదివైపు పోతోంది. వాళ్లు వచ్చేసరికి ముగ్గు చెరిపేసి ఉంచాను.

మొదటి ఇల్లు మేమిద్దరం కలిసి కట్టామనే చెప్పాలి. వంటగది తూర్పుకు మారింది. కప్పు కింద పొగ పోవడానికి ఒక పొక్క పెట్టాం. కన్నానికి పొక్క అనేది ఆమె మాటే. మందపాటి మట్టి గోడలు, సున్నం మెత్తు, పైన గూన పెంకు. కర్ర బీరువాలు అక్కర్లేకుండా గోడల్లోనే గూళ్లు. ఉత్తరపు కిటికీ కింద బీడీలు చుట్టుకోవడానికి ఒక గద్దె పెట్టించింది. అక్కడ వెలుతురు పడాలి, వడగాలికి ఆకు ఎండకూడదు. ఆమె పట్టుదలకు కారణం కూతురు గంగామణి. బీడీలు చుట్టి, పొగలో వండి ముప్పై ఏళ్లకే ఆయాసం పట్టుకుంది. అల్లుడు చెరుకు బండి తోలేవాడు. ఈ వరుసలో వాళ్లకొక ఇల్లు వస్తుందని ఖాయమైంది. ఏ ఇల్లన్నది చీటీలు తీసి తేలుస్తారు.

"పొగల కూసోవద్దని డాక్టర్ సాబ్ అన్నడు," అంది పోశవ్వ. "కూసోకుంట బువ్వ ఎట్లయితది? ఇల్లన్న మంచిగుండాలె."

మధ్యలో ఒకసారి, చుట్టాలింట్లో చావుకని ఆమె నాలుగు రోజులు రెంజల్ వెళ్లింది. సున్నంలో కొంచెం బెల్లం నీళ్లు కలిపితే గట్టిపడుతుందని ఆమె దగ్గరే విన్నాను. కొంచానికే గట్టిపడితే ఎక్కువకు ఇంకా గట్టిపడుతుందనుకుని, బెల్లం పాకంలా ఉండే చెరుకు మడ్డి ఒక పీపా తెప్పించి మొత్తం పోయించాను. చక్కెర మిల్లు పక్కన ఉన్నవాడికే ఇట్లాంటి తెలివి పుడుతుంది. గోడ ఆరలేదు. చీమలు మాత్రం బారులు కట్టి వచ్చాయి. పోశవ్వ తిరిగొచ్చి, గోడ గీరి వేలితో నాలుక మీద పెట్టుకుంది.

"బువ్వల ఉప్పంత వెయ్యాలె సారూ. నువ్వు పాయసం జేసినవు."

ఇంతలో కాంట్రాక్టరు వచ్చి ఎవరి నిర్వాకమిది అని కేకలేశాడు. నేను నోరు తెరిచేలోపే పోశవ్వ, "నేనే కలిపిన," అంది. అతను నోటికొచ్చినన్ని మాటలన్నాడు. తెరవబోయిన నోరు నేను మూసుకున్నాను. ముఠా అంతా కూర్చుని ఆ గోడ గీకి మళ్లీ మెత్తారు.

మొదటి ఇల్లు అయిపోయాక, మిగతా ఇళ్ల గోడలు లేచేదాకా లోపలి పని లేదు కనుక, వాళ్లు బాల్కొండ వైపు వేరే పని చూసుకున్నారు. వెళ్లే ముందు పోశవ్వ నన్ను అడిగింది.

"గంగామణికి ఏ ఇల్లు వచ్చినా గిట్లనే ఉంటది గద?"

"ఉంటది," అన్నాను. అప్పటికి అది అబద్ధం కాదు.

వారం తిరగకుండా కాంట్రాక్టరు నా ముందు పాత ప్లాను పరిచాడు. "ఒక్క ఇంటికే ఇన్ని దినాలైతే వానలొచ్చి నెత్తిన పడ్తయి. మిగతాయి సిమెంటు, రేకులు. సంతకం పెట్టు." పొయ్యి మళ్లీ పడమటికి పోయింది, పొక్క లేదు. కొత్త కొలువు, భయం. ఇవి కారణాలే కానీ జవాబులు కావని నాకు ఇన్నేళ్లలో బాగా తెలిసింది. సంతకం పెట్టాను.

మొదటి ఇల్లు కాంట్రాక్టరు గుమస్తాకు పోయింది. గంగామణికి తొమ్మిదో ఇల్లు వచ్చింది. సామాను దించే రోజు పోశవ్వ బాల్కొండ నుంచి వచ్చింది. లోపలికి పోయి, వంటగది మూలన మొదటిరోజులాగే కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి తిట్ల కోసం ఎదురుచూస్తున్నాను. తిట్టి ఉంటే ఈ జ్ఞాపకం ఇంత బరువయ్యేది కాదు.

"గోడ కూలకుంట యాడ పొడవాలెనో జెప్పు," అంది. "గీసినోనివి నువ్వే."

గంగామణి చేత పొయ్యి వెలిగించింది. పొగ ఎక్కడ చేరి సుడి తిరుగుతోందో ఆమె వేలితో చూపించింది. దూలం ఆనిన చోటు వదిలి, జానెడు పక్కకు నేను బొగ్గుతో గుండ్రంగా గీశాను. ఆమె బల్ల మీద నిలబడి ఉలితో పొడిచింది. వంకరటింకరగా పొక్క పడింది, పొగకు దారి దొరికింది. "ఇగ కండ్లు మండుతలేవవ్వా," అంది గంగామణి. పక్కింటామె తొంగి చూసి, "మా ఇంట్ల సుత గీయి సారూ," అంది. ఆ వారంలో మిగతా పది గోడల మీదా బొగ్గు గీతలు గీశాను.

రేకుల వేడికి మాత్రం మా దగ్గర మందు లేదు. మూడో ఎండాకాలం గంగామణి ఆయాసం ఎక్కువై రెంజల్ వెళ్లిపోయింది. చాలా రోజుల తర్వాత బోధన్ బస్టాండులో పోశవ్వ కనిపిస్తే కూతురి సంగతి అడిగాను.

"ఉన్నది. నడిస్తే ఎగపోస్తది."

మడ్డి గురించి, సంతకం గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"గోడ ఖరాబైతే గీకి మళ్ల మెత్తుకున్నం. నువ్వు ‘గిట్లనే ఉంటది’ అంటివి సారూ. నేను అది నమ్మి బాల్కొండ పోయిన."

బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది. మళ్లీ ఎన్నిసార్లు కబురు పంపినా నా పనికి రాలేదు.

మొన్న యంత్రం తొమ్మిదో ఇంటిదాకా వచ్చేవరకూ ఆ రాయి మీదే కూర్చున్నాను. రేకులు ఎప్పుడో పోయాయి. ఆ పొక్క అంచు నల్లగా మసిబారి కాసేపు కనిపించింది, తర్వాత గోడతో పాటు పడిపోయింది. నా సంతకం ఉన్న ప్లాను ఇప్పటికీ పెట్టెలో ఉంది. అందులో ఆ పొక్క లేదు.

ఇప్పటికీ ఎవరో ఒకరు ఇంటి ప్లాను కోసం నా దగ్గరికి వస్తుంటారు. వంట చేసే ఆమెను స్థలం దగ్గరికి తీసుకురమ్మంటాను. "గ్యాసు పొయ్యే కదా సార్, పొగ ఎక్కడుంటది," అని నవ్వుతారు. అయినా పిలవమంటాను. ఆమె వచ్చి లోపల నిలబడి చూసేదాకా పెన్సిల్ తీయను. ఇల్లు ఇట్లానే ఉంటుందా అని ఆమె అడిగితే, ‘ఉంటది’ అని మాత్రం నా నోట రాదు. గీసిన కాగితం ఆమె చేతిలోనే పెట్టి, ఒక్క గీత మారినా వచ్చి నన్ను నిలదీయమంటాను.