తల తిరిగింది, కేసు పడింది

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం. నాచారంలోని ఇంటి నుంచి స్కూటీ మీద కాలేజీకి బయల్దేరాను. ఉప్పల్ దగ్గర మెట్రో రైలు వెళ్తుంటే తలెత్తి చూశాను. అంతే, రోడ్డంతా గిర్రున తిరిగింది. తేరుకునేసరికి నా స్కూటీ తగిలి, కొబ్బరి బొండాలమ్మే మల్లేశన్న కింద పడి ఉన్నాడు. ఆయన కాలు విరిగింది. లేవలేక ఆయన దగ్గరికి పాక్కుంటూ వెళ్లి, అక్కడే వాంతి చేసుకున్నాను.

పోలీసులు మెషిన్‌లో ఊదిస్తే మందు లేదని వచ్చింది. అయితే గంజాయే అన్నారు. బ్లడ్ శాంపిల్ తీసుకుని రాష్ డ్రైవింగ్ కేసు పెట్టారు. శిక్ష పడితే క్యాంపస్‌లో వచ్చిన ఉద్యోగం గోవిందా. అమ్మ మాత్రం దిష్టి తగిలిందని తేల్చేసింది.

నాన్న స్నేహితుడు, లాయర్ యాదగిరి మామ నన్ను ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి పంపాడు. ఆమె నా తల పక్కకు తిప్పి, ఒక్కసారిగా వెనక్కి పడుకోబెట్టింది. నా కనుగుడ్లు వాటంతటవే ఆడాయట.

"బీపీపీవీ. చెవి లోపల క్రిస్టల్స్ కదిలాయి, అందుకే తల తిరిగింది. భయం లేదు" అంది. ఎప్లీ మెనూవర్ అంటూ తలను అటూ ఇటూ తిప్పేసరికి తగ్గిపోయింది. కొన్నాళ్లు తల విదిలించవద్దని చెప్పింది.

సంతోషంగా మామకు ఫోన్ చేశాను.

"తగ్గిందా? జర ఆగొద్దా? కండ్లు ఆడేది వీడియో తియ్యకుంటే జడ్జికి ఏం సూపియ్యాలె?"

ఆ తల తిరుగుడు మళ్లీ తెప్పించగలరా అని మామ అడిగితే డాక్టరమ్మ ఫోన్ పెట్టేసిందట.

ఆ కొరత అమ్మ తీర్చింది. ఆదివారం కదా అని పీట మీద కూర్చోబెట్టి నువ్వుల నూనెతో తలంటడం మొదలుపెట్టింది. వద్దంటే వింటేనా? గోడలు మళ్లీ తిరిగాయి. నేను వాంతులు, అమ్మ ఏడుపు. కబురు విన్న మామ మాత్రం పెళ్లికి వచ్చినంత ఉత్సాహంగా ఆసుపత్రికి వచ్చాడు. డాక్టరమ్మ మొదట అమ్మకు చీవాట్లు పెట్టి, తర్వాత పరీక్ష చేసి, వీడియో తీయనిచ్చి, రిపోర్టు రాసింది. మళ్లీ తగ్గించింది కూడా.

కోర్టులో జడ్జిగారు అవన్నీ చూశారు. బ్లడ్ రిపోర్టులోనూ ఏమీ లేదు. చివరికి మల్లేశన్న కుంటుకుంటూ బోనెక్కాడు. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"పిలగాడు స్పీడుగ రాలే సార్. ఊగుకుంట వచ్చి మీద వడ్డడు. నిషాల ఉన్నోడు పాక్కుంట వచ్చి నా కాలు సూస్తడా?"

కేసు కొట్టేశారు. అక్కడే ఏడ్చేశాను.

ఇప్పుడు ఉద్యోగంలో చేరాను, బస్సులో వెళ్తున్నాను. నా మాట ఒక్కటే: తల ఒక్కసారి తిరిగినా సరే, డాక్టర్ చెప్పేదాకా బండి తాళం ముట్టకండి. నా జబ్బు తలను అటూ ఇటూ తిప్పితే పోయింది. మల్లేశన్న ఇప్పటికీ స్టూలు మీద కూర్చునే బొండాలు కొడుతున్నాడు.