హారోలో ఏడు దెబ్బల నిమజ్జనం

నలభై దాటాక డ్రమ్స్ నేర్చుకునేవాడికి రెండే కారణాలుంటాయని మా ఆవిడ అంటుంది. ఒకటి తిక్క, రెండోది ఇంటిపని ఎగ్గొట్టడం. నా విషయంలో రెండూ నిజమే. హారోలోని మా ఫ్లాట్‌లో డ్రమ్స్ మోగిస్తే కింది వాళ్లు కౌన్సిల్‌కి ఫోన్ చేస్తారు. అందుకని రబ్బరు ప్యాడ్ మీద, అది కనపడకపోతే డైనింగ్ టేబుల్ మీద సాధన చేసేవాణ్ణి.

నాలుగు దెబ్బల లెక్క తొందరగానే పట్టుబడింది. తర్వాత మా టీచర్, బర్మింగ్‌హామ్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ తెల్లాయన, ఏడు మొదలుపెట్టాడు. ఏడో దెబ్బ పడగానే ఊపిరి పీల్చుకోకుండా మళ్లీ ఒకటిలోకి దూకాలి. ఎనిమిదోది ఉండదు. ఆ సంగతి నా చేయి నమ్మేది కాదు. చిన్నప్పటి నుంచి బరాత్‌లలో తీన్‌మార్ ఆడిన ఒళ్లు కదా, లేని దెబ్బ కోసం కాసేపు కాచుకుని కూర్చునేది. ఇంగ్లిష్‌లో లెక్కపెడితే "సెవెన్" దగ్గర నాలుక వెనకబడేది. తెలుగులో అయితే "ఒకటి" దగ్గరే బండి ఆగిపోయేది. చివరికి ఆకలి మీదున్న ఒక సాయంత్రం దారి దొరికింది. అన్నం, పప్పు, పులుసు. రెండు, రెండు, మూడు. మొత్తం ఏడు!

టీచర్‌కి చెబితే అర్థం అడిగి, పడీపడీ నవ్వి, మిగతా శిష్యుల చేత కూడా అదే అనిపించడం మొదలుపెట్టాడు. తెల్లపిల్లలు వరసగా కూర్చుని "అన్నం పప్పు పులుసు" అని అరుస్తుంటే నా ఛాతీ రెండింతలైంది. అయినా ఒక వెలితి ఉండేది. మనవాళ్ల ముందు నా ఏడు ఒక్కసారి వాయించాలి, ఒక్కరి ఒంట్లోకైనా అది ఎక్కాలి. ఆఫీసులో ప్రమోషన్ కోసం కూడా నేనంత తపించలేదు.

వినాయకుడే అవకాశమిచ్చాడు. మా తెలుగు సంఘం వాళ్లు కమ్యూనిటీ హాలు కార్ పార్కులో, పిల్లలు ఆడుకునే, గాలి ఊదిన స్విమ్మింగ్ పూల్‌లో నిమజ్జనం పెట్టుకున్నారు. డప్పులు కొట్టేవాళ్లు రాలేమని ఆ పొద్దున్నే ఫోన్ చేశారు. సంఘం ప్రెసిడెంట్ అంకుల్ నన్ను పట్టుకున్నాడు. నేను టీచర్ దగ్గర రెండు డ్రమ్ములు అరువు తెచ్చాను. ఎయిర్‌పోర్టులో పనిచేసే ఒకతను అక్కణ్ణుంచి సామాన్ల ట్రాలీ తెచ్చాడు. నన్నూ డ్రమ్ములనూ దాని మీదికి ఎక్కించి, దేవుణ్ణి కూర్చోబెట్టిన కారు డిక్కీ వెనకాలే తోశారు.

బుద్ధి ఉన్నవాడైతే తీన్‌మార్ కొట్టేవాడు. నేను ఏడు కొట్టాను.

జనం మొదట ఉత్సాహంగానే దూకారు. ఎనిమిది దెబ్బలైతే రెండు కాళ్లూ సమానంగా పంచుకుంటాయి. ఏడైతే ఒక కాలు గాల్లో ఉండగానే మళ్లీ మొదలొచ్చేస్తుంది. పట్టుపంచెల అంకుల్‌లు ఒంటికాలి మీద నిలబడి దిక్కులు చూశారు. ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకాయన తనకు బీపీ పడిపోయిందనుకుని డాక్టరుకి ఫోన్ చేయబోయాడు.

ప్రెసిడెంట్ అంకుల్ ట్రాలీ ఆపించాడు. "ఏం తమ్మీ, ఒక దెబ్బ మింగుతున్నవేంది?"

"మింగుతలేను అంకుల్. అది ఏడే ఉంటది."

"ఏడెందుకు? ఇంకొకటి కొడితే నీ సొమ్మేం పోతది? చెయ్యి నొస్తున్నదా?"

దేవుడి పెళ్లికి అందరూ పెద్దలే. కార్ పార్కు మధ్యలోనే కమిటీ కూర్చుంది. ఏడో దెబ్బ తర్వాతి ఖాళీలో అందరూ "జై" అనాలని తీర్మానించారు. ఖాళీ లేదని నేను మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

మళ్లీ మొదలుపెట్టాను. కాసేపు వాళ్ల "జై"ని దాటుకుంటూ పరిగెత్తాను. కానీ అన్ని గొంతుల ముందు రెండు పుల్లలెంత? నా చేయే నన్ను మోసం చేసి వాళ్ల కోసం ఆగింది. ఏడు కాస్తా ఎనిమిదైంది. కార్ పార్కు ఊగిపోయింది. అంకుల్‌లు నా మెడలో దండ వేశారు. దండ కింద నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందబాష్పాలనుకుని ఎవరో ఫోటో కూడా తీశారు. పూల్‌లో వినాయకుడు బొజ్జ వరకే మునిగితే, చెంబులతో తలారా నీళ్లు పోసి నిమజ్జనం అయిపోయిందన్నారు.

ఇంటికి బయల్దేరుతుంటే కారులో మా ఆవిడ సీటు బెల్టు విసురుగా లాగి పెట్టుకుంది. మా బంధువుల్లో ఏ బరాత్ అయినా ఆమె దిగితేనే తీన్‌మార్ మొదలవుతుంది. అలాంటి మనిషి ముఖం మాడ్చుకుని కూర్చుంది. సిగ్నల్ దగ్గర కారు ఆగగానే బద్దలైంది.

"నీ వల్ల నా ఇజ్జత్ పోయింది ఇయ్యాల."

"నేనేం చేసిన?"

"ఏడాది సంది టేబుల్ మీద కొట్టి కొట్టి నా కాళ్లు ఖరాబ్ చేసినవ్. అందరు జై అనేదాంక ఆగి దుంకుతున్నరు. నా కాలు ఆగుతలేదు. ఒక దెబ్బ ముందే కింద పడుతున్నది. ప్రెసిడెంట్ ఆంటీ కాలు తొక్కిన. ఒక్కసారి కాదు, తిరిగి తిరిగి ఆమె కాలే తొక్కిన. పాపం, కుంటుకుంట పోయి కుర్చీల కూసున్నది. నాకు ఆడరాదంట! నాకు!" అంటూ భోరుమంది.

ఓదార్చాల్సింది నేనే. సిగ్నల్ పచ్చబడింది, వెనకనుంచి హారన్లు మోగుతున్నాయి. నాకు మాత్రం ఒళ్లంతా సంతోషం.

"ఏడ్వకు," అన్నాను. "కాలు సరిగ్గా ఎప్పుడు పడ్డదో ఇంకోసారి చెప్పు."