అరువు తెచ్చుకున్న బురద

బెళ్ళందూరు దగ్గర మా అపార్ట్‌మెంట్‌కు నేను సెక్రటరీని అయింది నా ముక్కు వల్ల. బేస్‌మెంట్‌లో నా కారు నిలిపే చోటు పక్కనే, ఇళ్ళ నుంచి వచ్చే మురుగునీళ్ళను శుద్ధి చేసే ప్లాంటు ఉంది. అందరం దాన్ని ఎస్టీపీ అంటాం. ఒకరోజు ఆఫీసుకు బయల్దేరుతూ ఆ కంపు భరించలేక, "దీని గురించి ఎవరైనా ఏదైనా చేస్తారా?" అని వాట్సాప్ గ్రూపులో రాశాను. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆ 'ఎవరైనా' నేనే అయ్యాను. పాత సెక్రటరీ రాజీనామా చేసి, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి, గ్రూపులోంచి కూడా తప్పుకున్నాడు. మిగతావాళ్ళంతా నాకు పూలగుత్తుల బొమ్మలు పంపారు.

పదవిలో కుదురుకోకముందే కాలుష్య నియంత్రణ బోర్డు నుంచి నోటీసు వచ్చింది. ప్లాంటు నడపడానికి ఇచ్చిన అనుమతి గడువు ముగుస్తోంది, కొత్తది ఇవ్వాలంటే తనిఖీ చేయాలి, పైగా దుర్వాసన మీద ఫిర్యాదు అందింది అని దాని సారాంశం. ఫిర్యాదు ఎవరిచ్చారో ఊహించడం కష్టం కాదు. మా ప్లాంటు గదిలోని గాలిని బయటికి తోసే పైపు నేరుగా పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీల మీదికి తెరుచుకుంటుంది. మేం దాన్ని మంచి ఏర్పాటు అనుకునేవాళ్ళం.

నోటీసు తీసుకుని మా అపార్ట్‌మెంట్ సంఘం ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అనంతపురం వైపు ఒక బస్సు డిపోలో మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా లేకుండా లిఫ్టు కూడా ఎక్కరు. కాగితం చదివి, మడిచి, చిరునవ్వు నవ్వారు.

"తనిఖీలు నాకు కొత్త కాదమ్మా. డిపోకు పైనుంచి ఆఫీసరు వస్తాండాడంటే ఏం చేస్తాంటిమి? రాళ్ళకు సున్నం కొడతాంటిమి, బ్లీచింగ్ జల్లుతాంటిమి. ఆయప్ప వస్తాడు, చూస్తాడు, టిఫిను తింటాడు, పోతాడు. అంతే."

"ఇది బస్సు డిపో కాదు కదా అంకుల్."

"ఏదైనా ఒకటేనమ్మా. కంటికి తెల్లగా ఉండాల, ముక్కుకు ఘుమఘుమలాడాల. ఆ పని నేను చూసుకుంటా. నువ్వు ఫైలు చూసుకో."

ఫైలు చూసుకోవడమంటే, పాత సెక్రటరీలు ఎక్కడెక్కడ దాచారో తెలియని కాగితాలను ఏరుకోవడం. నేను ఆ పనిలో మునిగాను. ప్లాంటు ఎలా పనిచేస్తుందో కనీసం తెలుసుకుందామని ఆపరేటరును అడిగాను. అతను కదిరి నుంచి వచ్చినవాడు, చాలా నిదానస్తుడు.

"ఈడ నుంచి వస్తాది మేడం, ఆడికి పోతాది. నడిమిట్ల గాలి కొడతాము," అన్నాడు.

"మరి వాసన?"

"వాసన లేకుంటే అది మురుగెట్లయితాది?"

నేను మళ్ళీ కాగితాల దగ్గరికి వెళ్ళిపోయాను.

తనిఖీ రోజు నేను సెలవు పెట్టి గేటు దగ్గర నిలబడ్డాను. జీపు వస్తుందని, అందులోంచి పొట్టలు దిగుతాయని ఊహించుకున్నాను. స్కూటీ మీద ఒక అమ్మాయి వచ్చింది. వెనక సీటుకు థర్మోకోల్ పెట్టె తాడుతో కట్టి ఉంది. హెల్మెట్ తీసి, కళ్ళజోడు సర్దుకుని, తానే ఆఫీసరునంది. నేను తడబడుతూ కన్నడం మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"మా అవ్వది బాగేపల్లి. తెలుగులోనే మాట్లాడండి, పరవాలేదు."

నా కన్నడం వినడం కంటే అదే నయమనుకుందేమో.

ర్యాంప్ దిగుతుంటే రెండు పక్కలా బ్లీచింగ్ పౌడర్‌తో గీతలు. పూలకుండీలకు సున్నం. కింద ప్రెసిడెంటుగారు, ఆయన వెనక యూనిఫామ్‌లో ఆపరేటరు, కవాతులో నిలబడ్డట్టు నిలబడ్డారు. ప్లాంటు గది తలుపు తీయగానే ఫినాయిల్ ఘాటుకు మా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోపల తొట్టి నిండా తెల్లటి నురగ, అంచులు దాటి నేల మీదికి జారుతోంది. ఎప్పుడూ నురగలు కక్కే బెళ్ళందూరు చెరువు వచ్చి మా బేస్‌మెంట్‌లో పిల్లను పెట్టి వెళ్ళినట్టుంది.

ఆఫీసరమ్మ కాసేపు ఆ నురగ వైపు చూసింది. "ఇందులో ఏం పోశారు?"

"ఫినాయిల్ మేడం," అన్నారు ప్రెసిడెంటుగారు గర్వంగా. "బ్లీచింగ్ కూడా. వారం నుంచి పోయిస్తా ఉండా. ఒక్క క్రిమి కూడా మిగిలిండదు."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సార్, ఈ ప్లాంటు నడిచేదే క్రిములతో. మురుగును తినేది అవే. గాలి కొట్టేది వాటి కోసమే. మీరు వాటిని చంపేశారు."

"అన్నింటినీనా?"

"చూస్తే అట్లే ఉంది."

ప్రెసిడెంటుగారు తొట్టి దగ్గరికి వెళ్ళి తొంగిచూశారు. "కొన్నైనా బతికుంటాయేమో చూడండి మేడం," అన్నారు, ఆస్పత్రి వరండాలో డాక్టరును అడిగే గొంతుతో. ఆపరేటరు టోపీ తీశాడు. గౌరవంతో తీశాడో, ఉక్కకు తీశాడో నేను అడగలేదు.

ఆమె శుద్ధి చేసిన నీళ్ళు బయటికొచ్చే పైపు దగ్గర నమూనాలు పట్టి, డబ్బాలకు చీటీలు అంటించి, మంచులో సర్ది, మా చేత సంతకాలు పెట్టించుకుంది. క్లబ్‌హౌస్‌లో ఇడ్లీ, వడ, కేసరిబాత్ ఆమె కోసం సిద్ధంగా ఉన్నాయి. "ఇంకా కాడుగోడి దాకా పోవాల. ఇటువైపంతా నేనొక్కదాన్నే," అని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది. తనిఖీకొచ్చిన ఆఫీసరు టిఫిను తినకుండా వెళ్ళడం ప్రెసిడెంటుగారి సర్వీసులో అదే మొదటిసారట. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. కేసరిబాత్ మాత్రం నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

రిపోర్టులో తప్పడానికి వీలున్న ప్రతిదాంట్లోనూ తప్పాం. విచారణకు రమ్మని ఇంకో నోటీసు వచ్చింది. ప్రెసిడెంటుగారూ నేనూ సిటీలోని బోర్డు ఆఫీసుకు వెళ్ళాం. మా కంటే ముందు బెంచీ మీద ఒక కల్యాణమండపం యజమాని కూర్చున్నాడు, జనరేటరు మోత గురించి వచ్చాడట. మేం కూర్చున్న కాసేపటికి కరెంటు పోయింది, కిటికీ అవతల జనరేటరు ఒకటి గుర్రుమంటూ లేచింది. ఆయన చెవి అటు పెట్టి విని, "నాది కూడా ఇదే మోడల్," అన్నాడు తృప్తిగా. తర్వాత లోపలికి వెళ్ళి, అంత తృప్తి లేకుండా బయటికి వచ్చాడు.

లోపల పెద్ద ఆఫీసరు, పక్కన మన స్కూటీ ఆఫీసరమ్మ. ప్రెసిడెంటుగారు బాధ్యతగల పౌరుల గురించి ఇంగ్లీషులో ఒక ప్రసంగం రాసుకుని వచ్చారు. దార్లో నాకు వినిపించారు కూడా. పెద్ద ఆఫీసరు దానికి సందు ఇవ్వలేదు.

"తొట్లో ఫినాయిల్ ఎందుకు పోయించారు?" అని కన్నడంలో అడిగాడు.

ప్రెసిడెంటుగారు జేబులోని కాగితం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశారు. "మీరొస్తా ఉండారని సార్," అన్నారు తెలుగులోనే.

పెద్దాయనకు దగ్గొచ్చింది. ఆఫీసరమ్మ సీలింగు ఫ్యాను వంక శ్రద్ధగా చూసింది. దగ్గు తగ్గాక ఆయన మామూలు గొంతుతోనే తీర్పు చెప్పాడు. నెలన్నరలో ప్లాంటును మళ్ళీ బతికించాలి, మళ్ళీ నమూనా పడతారు. ఈసారీ తప్పితే అనుమతి రాదు, బిల్డింగుకు కరెంటు కట్ చేయమని రాస్తారు. లిఫ్టు ఆగితే పై అంతస్తులవాళ్ళు మెట్లు దిగి ముందు ఎవరి తలుపు తడతారో నాకు బాగా తెలుసు.

వరండాలో ఆఫీసరమ్మను పట్టుకున్నాను. "ఎట్లా బతికించాలి మేడమ్?"

"వాటంతట అవే పెరుగుతాయి, కానీ టైం పడుతుంది. బాగా నడిచే ప్లాంటు నుంచి బురద తెచ్చి కలపండి. పాలకు తోడు వేసినట్టు."

"బాగా నడిచేది ఎక్కడుంది?"

ఆమె కొంచెం తటపటాయించింది. "మీ పక్క అపార్ట్‌మెంట్‌ది."

తిరుగుప్రయాణంలో మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ప్రెసిడెంటుగారు నా వైపు తిరిగారు. "మన మీద కంప్లయింటు ఇచ్చినోళ్ళ దగ్గరికి పోయి తోడు అడగాల్నా?"

అడగకుండా గట్టెక్కాలని ఆయన ఒక ప్రయత్నం చేశారు. పేడ వేసినా క్రిములు పుడతాయని ఎవరో చెబితే, కాడుగోడి దాకా పోయి గోతంలో పేడ నింపించుకుని తన కారు డిక్కీలోనే తెచ్చారు. ఆపరేటరు దాన్ని కలిపాడు. వారం తర్వాత బేస్‌మెంట్‌కు మురుగు వాసనతోపాటు కొట్టం వాసన కూడా తోడైంది. ఇంకే మార్పూ లేదు. గ్రూపులో ఎవరో పాలు ఎంతకిస్తారని అడిగారు.

ఇక తప్పక ఇద్దరం పక్క గేటు తట్టాం. వాళ్ళ సెక్రటరీ పాలమూరు ఆవిడ, బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక స్కూల్లో సైన్సు టీచరు. మమ్మల్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొత్తం విని, అప్పుడు మొదలుపెట్టింది.

"కంప్లయింట్ ఇచ్చింది నేనే. ఏడాదిసంది మీ వాసన పీలుస్తున్నం. మా అత్తమ్మ బాల్కనీలకు పోవుడే బంద్ చేసింది. మీకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోతిరి. ఇప్పుడు మా బురద గావాల్నా?"

"ఒక్క ట్యాంకరు చాలమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు, చేతిలో కప్పు పట్టుకుని.

ఆవిడ నవ్వాపుకుంది. "ఇస్త. గని మీ గాలి పైపు మా దిక్కు ఉండొద్దు. దాన్ని ఇంకో దిక్కు మర్లిస్తె ఒకటి గాదు, రెండు ట్యాంకర్లు ఇస్త."

ఆ పైపును టెర్రస్ దాకా తీసుకెళ్ళే దారి మా బిల్డింగులో లేదు. మిగిలింది తూర్పు గోడ ఒక్కటే. అక్కడ మొదటి అంతస్తులో ఉన్నది ప్రెసిడెంటుగారి పడకగది కిటికీ. ఆ సంగతి ఆయనకు గుర్తుందో లేదో అని ఆయన వంక చూశాను. టీ మొత్తం తాగి, కప్పు కింద పెట్టి, "సరేనమ్మా," అన్నారు.

బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "అంకుల్, అది మీ కిటికీ కదా?"

"తెలుసమ్మా. ఇంకెవురి కిటికీ మీదికి తిప్పమంటావు? ఫినాయిల్ పోయించింది నేనే కదా."

అంతవరకూ ఆ పెద్దమనిషి మీద నేను ఆఫీసులో చెప్పిన జోకులన్నీ ఆ క్షణంలో నన్ను కొంచెం ఇబ్బంది పెట్టాయి. కొంచెమే. ఎందుకంటే మరుసటి ఆదివారం మొదటి ట్యాంకరు వచ్చినప్పుడు ఆయన కొబ్బరికాయ కొట్టారు.

పక్క గేటులోంచి బయటికొచ్చి మా గేటులోకి తిరగడమే దాని మొత్తం ప్రయాణం. అయినా ఆపరేటరు ముందు బంపరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టాడు. రెండు అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోనూ జనం ముక్కులు మూసుకుని పెళ్ళి ఊరేగింపు చూసినట్టు చూశారు. ఫిల్టర్ కాఫీ రంగు బురద గొట్టంలోంచి మా తొట్టిలోకి దూకుతుంటే ప్రెసిడెంటుగారు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కున్నారు. టీచరమ్మ కూడా దిగి వచ్చింది. గాలి ఎంతసేపు కొట్టాలో ఆపరేటరుకు పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పి, "ఫినాయిల్ డబ్బాలు ఏడున్నయో సూపియ్యి," అంది. ఉన్నవన్నీ తన వాచ్‌మన్ చేత మోయించుకుని పోయింది.

పైపు తూర్పుకు తిరిగిన తర్వాత మా ప్లాంటుకు అసలైన రక్షణ దొరికింది. తెల్లారేసరికి వాసన ముందుగా చేరేది ప్రెసిడెంటుగారి దిండు దగ్గరికే. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కిందికి దిగేవారు. గాలి యంత్రం ఆగి ఉంటే ఆపరేటరుకు మూడేది. సింకులో నూనె పోసేవాళ్ళ తలుపులు తట్టేవారు. డైపరు ఫ్లష్ చేసిన ఇంటివాళ్ళకైతే తొట్టి చూపించి మరీ చెప్పేవారు. "ఈయప్ప నా మొగం కంటే ఆ తొట్టి మొగమే ఎక్కువ చూస్తాండాడు," అని వాళ్ళావిడ నాతో అంది. ఫిర్యాదులాగా లేదు, ఇల్లు ప్రశాంతంగా ఉందన్నట్టు అంది. నెమ్మదిగా తొట్టిలో తెలుపు పోయి గోధుమరంగు తిరిగింది. కంపు తగ్గి, వాన పడ్డ మట్టి వాసనలాంటిది మొదలైంది.

రెండో నమూనా పాసైంది. గొప్పగా కాదు, గట్టున పడ్డామంతే. షరతులు నిండిన అనుమతి పత్రం వచ్చింది. ప్రెసిడెంటుగారు జనరల్ బాడీ మీటింగులో దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. సగం మంది మధ్యలోనే జారుకున్నారు. ఆ మీటింగులోనే నేను రాజీనామా ఇచ్చేశాను. ఆఫీసరమ్మకు బళ్ళారి వైపు బదిలీ అయిందని తర్వాత విన్నాను.

ఈమధ్య ఒక ఉదయం కారు తీస్తుంటే ప్లాంటు గది ముందు ఇద్దరు కొత్తవాళ్ళు కనిపించారు. రోడ్డుకు అవతలి అపార్ట్‌మెంట్ కమిటీవాళ్ళట, మా బురద కోసం వచ్చారు. ప్రెసిడెంటుగారు చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళను ఉద్యోగం ఇంటర్వ్యూలో అడిగినట్టు ప్రశ్నలు అడుగుతున్నారు.

"గాలి ఎన్ని గంటలు కొడతాండారప్పా?"

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందు మీ తొట్టి నేను చూడాల," అని ఆయన వాళ్ళతోపాటు ర్యాంప్ ఎక్కి వెళ్ళిపోయారు.