ఎడమ బూటు లేసు

చరిత్రకారులు పట్టించుకోలేదు గాని, టెస్సా లిండ్‌క్విస్ట్ ఎడమ బూటు లేసుకు రెండో ముడి వేయడం హైస్కూల్లో ఒక మహత్తర ఘట్టం. కెప్టెన్ కనుక, ముడి పడేదాకా జట్టంతా ఆగేది. ఆగస్టులో కాలేజీ సాకర్ జట్టులో చేరగానే పరుగు పరీక్ష పెట్టారు. బీప్ మోగేలోగా అవతలి గీత చేరాలి. తప్పితే మొదటి మ్యాచ్‌లో చోటుండదు. టెస్సా వంగి రెండో ముడి వేస్తుండగానే బీప్ మోగింది. వేసవంతా పరిగెత్తిన పరుగు ఆ ముడిలో చిక్కుకుపోయింది.

"నువ్వు కెప్టెన్‌వని బీప్‌కి ఎవరూ చెప్పలేదే పిల్లా," అంది సీనియర్ మార్లో. "రేపట్నుంచి నువ్వు బ్రేక్‌ఫాస్ట్ క్లబ్బు."

"తిండైనా పెడతారన్నమాట," అని పళ్లు కొరికింది టెస్సా.

మర్నాడు పొద్దున్నే ఖాళీ కడుపుతో మైదానానికి వెళ్లింది. బ్రేక్‌ఫాస్ట్ క్లబ్బంటే తిండి కాదు, పరీక్ష తప్పినవాళ్లు పొద్దున్నే మళ్లీ పరిగెత్తే చోటుకే ఆ పేరు.