స్వాగతానికి సైరన్

ఊళ్ళో అందరూ ఆమెను కూతలమ్మ అనేవారు. తుపాను హెచ్చరిక కేంద్రం డాబా మీది గదిలో చేత్తో తిప్పే సైరన్ ఒకటుంది; పందొమ్మిదేళ్ళుగా దాన్ని తిప్పేది ఆవిడే. ఉప్పుగాలికి ఇరుసు పట్టేయకుండా రోజూ నూనెగుడ్డతో తుడిచేది. పిడిని అరచుట్టు తిప్పి, కూత పుట్టకముందే ఆపేసేది. ప్రమాదం లేనిదే అది కూయకూడదని ఆమె పట్టుదల. మొన్నటి తుపానులో ఆ కూత వినే తీరం వీధి మొత్తం పిల్లాజెల్లాతో సహా బడి మేడ ఎక్కేసింది. ఇళ్ళు పోయాయి గానీ ఒక్క మనిషీ పోలేదు.

అంతమందిని బతికించిన సైరన్ ఎవరికి కావాలి? అందరి బెంగా హోటళ్ళ మీదే. ఐదు నెలలైనా యాత్రికులు రావడం లేదట! వాళ్ళను రప్పించడానికి పైనుంచి ఒక పర్యాటక అధికారి ఊడిపడ్డాడు. మడత నలగని చొక్కా, బురద అంటని బూట్లు, తుపానును ఫొటోల్లో తప్ప చూడని మొహం. వచ్చిన వారానికే రోడ్డు పక్కన సగం కూలిన గోడలకు నీలం రంగు కొట్టించి, ఊరు కోలుకుందని పత్రికలకు చెప్పేశాడు.

ఒక పొద్దున్న ఆ మహానుభావుడు డాబా ఎక్కాడు.

"అమ్మా, అతిథులు ఈ సైరన్‌ని తలుచుకుని జడిసి రావడం లేదు. ఆ భయం పోగొట్టాలి. రేపట్నుంచి రోజూ నాలుగింటికి యాత్రికుల బస్సు వేయిస్తున్నాను, అది రాగానే ఒకసారి తిప్పండి. స్వాగతం అన్నమాట! అందరం చప్పట్లు కొడదాం."

కూతలమ్మకు ఒళ్ళు మండింది. "స్వాగతానికి పూలివ్వండి సార్. ఊరికే కూస్తే, రేపు నిజంగా కూసినప్పుడు ఎవరు పరిగెడతారు?"

"స్వాగతానికి ఒక కూత, ప్రమాదానికి మూడు. చదువుకున్నవాళ్ళకి ఆ మాత్రం తేడా తెలీదా?" అని ఆయన పళ్ళికిలించాడు.

కేంద్రం పెద్దను అడిగితే, "పైనుంచి చెప్పారు, మనకెందుకొచ్చిన గొడవ?" అని ఫైల్లో తల దూర్చాడు. వెన్నెముక ఉంటే కదా నిలబడటానికి! ఇంటికెళితే తమ్ముడు. యాత్రికులను పడవలో తిప్పేవాడు, ఐదు నెలలుగా గట్టు మీద కూర్చున్నాడు.

"తిప్పేయవే అక్కా, నీ సొమ్మేం పోయింది? నాలుగు బస్సులొస్తే నా పడవ కదులుతుంది."

వాడి మొహం చూసి ఆమె మెత్తబడింది. మర్నాడు నాలుగింటికి సైరన్ తిప్పింది. కింద చప్పట్లు మోగాయి. ఒకావిడ ఫోన్ పైకెత్తి ఇంకోసారి ఇంకోసారి అని గంతులేసింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకుంటూనే కూతలమ్మ పద్నాలుగు రోజులు తిప్పింది.

పదిహేనో రోజు నాలుగవడానికి పది నిమిషాలుందనగా వాతావరణ కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. సుడిగాలి, పావుగంటలో తీరానికి. కూతలమ్మ పిడి పట్టుకుని భుజాలు పడిపోయేలా మూడు కూతలు తిప్పింది. కింద ఒడ్డున జనం మూడుసార్లు చప్పట్లు కొట్టారు. ఆమె డాబా అంచుకొచ్చి, "పరిగెత్తండి, చచ్చిపోతారు!" అని గొంతు చించుకుంది. కొందరు చేతులూపారు. ఆ చదువుకున్నవాళ్ళు, గాలి గొడుగులను ఎగరేసుకుపోయాక గానీ కదల్లేదు.

తమ్ముడు ఆరుగురు యాత్రికులతో నీళ్ళ మీద ఉన్నాడు. నలుగురితో తిరిగొచ్చాడు. బడి వరండాలో విరిగిన భుజానికి కట్టుతో పడుకుని, అక్క కళ్ళలోకి చూడలేక గోడ వైపు తిరిగాడు.

"విన్నానే అక్కా. బస్సొచ్చిందనుకున్నా."

ఆమె వాడి పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

రెండు రోజులకు అధికారి మళ్ళీ డాబా ఎక్కాడు. చేతిలో టైపు చేసిన కాగితం. "సైరన్ పాతబడి మోగలేదని రాశాం. నీ మీదికి రాదులే. సంతకం పెట్టు."

"మోగింది. మూడుసార్లూ మోగింది," అంది కూతలమ్మ. "ఉత్తుత్తినే పద్నాలుగు రోజులు తిప్పి దాని విలువ తీసింది ఈ చేతులే. తిప్పమన్నది మీరు. ఆ రెండు ముక్కలూ రాసుకు రండి, సంతకం పెడతాను."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మెట్ల దగ్గరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"సరేలే, అది తర్వాత చూద్దాం. ఎల్లుండి బస్సుకు తిప్పుతావా, లేదా?"