ఆరు పళ్ల గొర్రెకు ఆరేళ్లా?

రాష్ట్రం విడిపోయిన కొత్తలో నేను మార్కాపురంలో ఒక కంప్యూటర్ దుకాణంలో పనిచేసేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో లెక్కలు నన్ను వదిలేశాయి, నేను బడిని వదిలేశాను. ప్రోగ్రాములు రాయడం దుకాణంలోనే, యజమాని చూడనప్పుడు నేర్చుకున్నాను.

తర్లుపాడు వైపు గొర్రెల సంఘం బీమా జాబితా చేయమంది. కాపరులు మెసేజ్ పంపుతారు: "నల్లది, ఆడది, ఆరు పళ్లు." నా ప్రోగ్రాం దాన్ని కామాల దగ్గర ముక్కలు చేసి, 'ఆరు' అన్న మాటను అంకెగా మార్చి వయసు గడిలో వేస్తుంది. అంకె దొరక్కపోతే సున్నా వేసి ముందుకు పోతుంది. ఎక్కడా ఆగదని మురిసిపోయాను. పలకల పనివాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి, గొర్రె నోరు ఏనాడు తెరిచి చూశాను?

జాబితా సాయంత్రం ఐదుకు పంపాలనగా, పొద్దున సంఘంలో దాన్ని చూసి ఒక కాపరి పెద్దమ్మ దుకాణానికి వచ్చింది. కిందటేడు నీలినాలుక రోగానికి ఆమె మంద సగం పోయింది.

"ఏంది నాయనా, నా గొర్రెలన్నీ ముసలివైపోయినాయి?"

"ఐదేళ్లు దాటితే బీమా లేదు పెద్దమ్మా. ఆరని నువ్వే పంపినావు గదా."

"ఆరు పళ్లు! మూడేళ్ల గొర్రె అది. నోరు నిండిందని పంపినదానికి సున్నా ఏసినావు. అదింకా పుట్టనే లేదా? మరి నిన్న ఈనిందెవరు, మీ యజమానా?"

యజమాని దగ్గాడు. నేను కుర్చీ చూపించాను.

"కూచో పెద్దమ్మా. ఇది సరిచేసిందాకా నేను లేవను."

రెండు పళ్లంటే ఏడాదిన్నర, నాలుగంటే రెండేళ్లు దాటినట్టు, ఆరంటే మూడేళ్లు, ఎనిమిదీ వచ్చి నోరు నిండితే నాలుగేళ్లు. ఆమె చెబుతుంటే ప్రోగ్రాంలో పళ్లకు, అంకెలతో కలవకుండా, ఒక వేరే రకమే కట్టాను. అందులో ఐదే మాటలు, పాలపళ్లతో మొదలు. ఒక్కో మాటకు ఆమె చెప్పిన వయసు. ఆ ఐదింట్లో లేని మాట వస్తే సున్నా వేయకూడదు, ఆగి మనిషిని అడగాలి. యజమాని అన్నానికి పొమ్మన్నా నేను పోలేదు.

నాలుగున్నరకు నడిపాను. ఆమె గొర్రెలన్నీ వరసగా వయసుకొచ్చాయి. ఒక్కదాని దగ్గర ప్రోగ్రాం ఆగింది: "ఎర్రది, ఆడది, పళ్లు ఊడినాయి."

"దీని వయసెంత పెద్దమ్మా?"

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "అది నిజంగానే ముసల్ది నాయనా. పొద్దున నీ మిషన్ దానికీ సున్నా ఏసింది, ఐదు లోపలే గదా, బీమా వస్తే రానీలే అనుకున్నా. తీసెయ్."

తీసేశాను. ఐదుకు ముందే జాబితా పోయింది. వారం తిరక్కుండా మిగతావాటన్నిటి చెవులకూ బీమా బిళ్లలు పడ్డాయి.